ప్రతిపక్షుని వాక్కు – మన స్వేచ్ఛకు గీటురాయి

ప్రజాస్వామ్యంలో వాదోపవాదాలు సహజం. కళాశాల వరండాలో, టీ దుకాణంలో, రైలుపెట్టెలో, పెండ్లి పందిరిలో సైతం మనవారు రాజకీయాలు మాట్లాడకుండ ఉండలేరు. ఇది మంచి లక్షణమే. దేశవ్యవహారాలు తమవి కావనుకొను ప్రజలు వాటిని గూర్చి గొంతు చించుకొనరు. అయితే ఆ వాదం వేడెక్కిన కొలది ఒక వాక్యం తప్పక వినవచ్చును: “ఇటువంటి పత్రికను మూసివేయవలెను”, “ఇటువంటి మాటలాడువానిని జైలులో పెట్టవలెను”. ఈ మాట అన్నవాడు ఏ పక్షమువాడైనను కావచ్చును. వామపక్షీయుడు మితవాదిని గూర్చి అనును. మితవాది వామపక్షీయుని గూర్చి అనును. ఒక మతస్థుడు ఇంకొక మతస్థుని గూర్చి అనును. ప్రభుత్వపక్షమువాడు అందరిని గూర్చియు అనును.

ఈ ఒక్క వాక్యాన్ని చరిత్ర వెలుగులోను, న్యాయశాస్త్రం వెలుగులోను పరీక్షించుట ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. మనకు నచ్చిన మాటను కాపాడుటకు రాజ్యాంగం అక్కరలేదు. దానికి మన చప్పట్లే చాలును. నచ్చని మాట వినవచ్చినప్పుడే వాక్స్వాతంత్ర్యానికి పరీక్ష మొదలగును.

రెండు భాషలు, ఒకే నేరం

1908వ సంవత్సరం మన పత్రికల చరిత్రలో మరువరానిది. లోకమాన్య తిలక్‌కు రాజద్రోహ నేరంపై ఆరేండ్ల ప్రవాసశిక్ష పడినది ఆ యేడే. బెజవాడ నుండి ‘స్వరాజ్య’ పత్రికను నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు విదేశప్రభుత్వాన్ని క్రూరమైన పులితో పోల్చిన వ్యాసం మూలంగా అదే సంవత్సరం కారాగారం పాలైనారు. ఆ యేడే అలీగఢ్‌లో ‘ఉర్దూ-ఎ-ముఅల్లా’ సంపాదకుడైన మౌలానా హస్రత్ మొహానీ సాహెబును కూడ అదే నేరంపై చెరసాలకు పంపినారు. ఈజిప్టులో ఆంగ్లేయులు అవలంబించిన విధానాన్ని విమర్శించు వ్యాసమొకటి ఆయన పత్రికలో వెలువడినది. ఆ వ్యాసం ఆయన స్వయంగా వ్రాసినది కాదు. రచయిత పేరు బయటపెట్టుటకు ఆయన సమ్మతింపలేదు. శిక్షను తన తలపై వేసికొనినారు.

ఒకరు తెలుగు సంపాదకులు, మరొకరు ఉర్దూ కవి. వారిని ఒకే చట్టం ఒకే నేరస్థులుగా నిలబెట్టినది. పాలకులకు భాషతో పనిలేదు, మతంతో పనిలేదు. ప్రశ్నించు నోరే వారికి శత్రువు. తెలుగు, ఉర్దూ భాషలు ఒకే ప్రాంగణంలో వినబడు మనవంటి విద్యాలయాలలో ఈ సంగతి ముందుగా స్మరింపదగినది.

‘ఇమ్రోజ్’ సంపాదకుడు

స్వేచ్ఛకు ప్రభుత్వం ఒక్కటే ప్రమాదమనుకొనుట పొరపాటు. స్వజనం వలన కలుగు ప్రమాదం ఒక్కొక్కప్పుడు అంతకన్న తీవ్రం. అందుకు మన హైదరాబాదే సాక్షి.

నిజాం సంస్థానంలో సభ జరుపుటకు అనుమతి కావలెను. పత్రిక నడుపుటకు అనుమతి కావలెను. ఆ పరిస్థితులలోనే 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ పత్రిక’ను స్థాపించి తెలుగువారి గొంతు వినిపించినారు. మందుముల నరసింగరావుగారు తెలుగువారై ఉండి ఉర్దూలో ‘రయ్యత్’ పత్రికను నడిపినారు. ఆ ‘రయ్యత్’లో పనిచేసిన యువకుడు షోయబుల్లాఖాన్. ఆ పత్రిక పాలకుల ఆగ్రహానికి గురియై మూతపడిన పిమ్మట, 1947 నవంబరులో ఆయన ‘ఇమ్రోజ్’ అను ఉర్దూ దినపత్రికను ప్రారంభించినారు.

సంస్థానం భారత యూనియనులో చేరవలెనని, ప్రజలకు బాధ్యతాయుత ప్రభుత్వం కావలెనని, రజాకారుల దౌర్జన్యం ఆగవలెనని ఆయన నిర్భయంగా వ్రాసినారు. హెచ్చరికలు వచ్చినను కలమాగలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి, పత్రికాలయం నుండి ఇంటికి మరలుచుండగా, దుండగులు ఆయనను కాల్చి, వ్రాసిన చేతిని నరికినారు. ఆగస్టు 22న ఆయన మరణించినారు. అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. మరి నాలుగు వారములు గడవకముందే, సెప్టెంబరు 17న, సంస్థానంలో ఆ పాలన ముగిసినది.

చేతిని నరికిన పద్ధతిలోనే హంతకుల ఉద్దేశం స్పష్టం. వారు ఒక మనిషిని చంపుటతో తృప్తిపడలేదు, వ్రాతను శిక్షింపదలచినారు. షోయబుల్లాఖాన్ ఉర్దూలో వ్రాసిన ముస్లిము. తన సమాజం పేరున మాటలాడుచున్నామని చెప్పుకొన్న వారినే ఆయన ప్రశ్నించినారు. పరాయివారిని విమర్శించుటకు ధైర్యం కొంత చాలును. స్వజనం మధ్య నిలిచి “ఇది తప్పు” అని చెప్పుటకు కావలసిన ధైర్యం వేరు. ఏ సమాజంలోనైనను అట్టివానిని ద్రోహి అనుటకు అందరు సిద్ధముగా నుందురు. అతడు చెప్పినది నిజమని ఒప్పుకొనుటకు మాత్రం సంవత్సరములు పట్టును.

రెండు పత్రికలు, ఒకే దినం

1950 జనవరి 26న మన రాజ్యాంగం అమలులోనికి వచ్చినది. దాని 19వ అధికరణం పౌరులకు వాక్స్వాతంత్ర్యాన్ని, భావప్రకటన స్వాతంత్ర్యాన్ని ప్రసాదించినది. సిరా ఆరకముందే ఆ హక్కుకు పరీక్ష వచ్చినది.

బొంబాయి నుండి రొమేష్ థాపర్ ‘క్రాస్ రోడ్స్’ అను ఆంగ్ల వారపత్రికను వెలువరించుచుండిరి. అది వామపక్ష పత్రిక. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన ఆంధ్ర జిల్లాలు కూడ ఉండెను; కమ్యూనిస్టు పార్టీపై అక్కడ నిషేధం ఉండెను. 1950 మార్చిలో మద్రాసు ప్రభుత్వం, ప్రజాశాంతి చట్టాన్ని ఆధారం చేసికొని, ఆ పత్రిక తన రాష్ట్రంలో ప్రవేశించరాదని ఉత్తరువు చేసినది. ఇంచుమించు అదే సమయంలో ఢిల్లీ అధికారులు ‘ఆర్గనైజర్’ అను మరొక వారపత్రికపై వేరొక ఉత్తరువు జారీచేసినారు. ఇది రాష్ట్రీయ స్వయంసేవక సంఘ భావాలకు చెందిన పత్రిక. మతవిషయాలను, పాకిస్తానుకు సంబంధించిన వార్తలను, వ్యాఖ్యలను అచ్చువేయుటకు ముందు అధికారులకు చూపి అనుమతి పొందవలెనని ఆ ఉత్తరువు సారాంశం.

భావాలలో ఉత్తర దక్షిణ ధ్రువములవంటి ఈ రెండు పత్రికలు సుప్రీంకోర్టు గడప తొక్కినవి. 1950 మే 26న, ఒకే దినమున, న్యాయస్థానం రెండు తీర్పులను వెలువరించినది. రెండు ఉత్తరువులును చెల్లవని చెప్పినది. న్యాయమూర్తి పతంజలి శాస్త్రిగారు అధికసంఖ్యాకుల తీర్పును వ్రాసినారు. న్యాయమూర్తి సయ్యద్ ఫజల్ అలీగారు రెండింటిలోను విభేదించినారు. ప్రజాశాంతికి భంగం రాజ్యభద్రతకు కూడ భంగమే కాగలదని ఆయన అభిప్రాయం.

ఈ రెండు తీర్పులను జంటగా చదివినవారికి ఒక సత్యం గోచరించును. ‘క్రాస్ రోడ్స్’ పాఠకుడు ‘ఆర్గనైజర్’ను నిషేధించుమని కోరియుండవచ్చును, ‘ఆర్గనైజర్’ పాఠకుడు ‘క్రాస్ రోడ్స్’ను నిషేధించుమని కోరియుండవచ్చును. ఇద్దరి కోరికలును నెరవేరియున్నచో ఇద్దరికిని చదువుటకు పత్రిక ఉండెడిది కాదు. ఇద్దరిని కాపాడినది ఒకే సూత్రం. ఒకనికి దానిని నిరాకరించి మరొకనికి నిలుపుట సాధ్యం కాదు.

ముందు సెన్సారుకు, పిదప శిక్షకు గల భేదాన్ని కూడ ఇచ్చట గమనింపవలెను. అచ్చయిన పిదప వ్రాత నేరమని తోచినచో న్యాయస్థానంలో విచారణ జరుగును. లోకం ఆ వ్రాతను చూచి తన తీర్పు తాను చెప్పుకొనగలదు. ముందే కత్తిరించినచో, కత్తిరించినది ఏమో, ఎందుకో పాఠకునికి తెలియదు. తనకు తెలియనిది ఒకటి ఉన్నదని సైతం అతనికి తెలియదు. అందుచేతనే ముందు సెన్సారు శిక్షకన్న ప్రమాదకరమని భావింపబడినది.

హద్దులు ఎట్లేర్పడినవి?

ఆ తీర్పులకు కారణం, నాటి 19వ అధికరణంలో ‘ప్రజాశాంతి’ అను మాట లేకపోవుటయే. ప్రభుత్వం రాజ్యాంగాన్ని సవరింప దలచినది. 1951లో తాత్కాలిక పార్లమెంటులో జరిగిన ఆ చర్చ నేటి విద్యార్థులు చదువదగినది. సవరణను ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రతిపాదింపగా, శ్యామాప్రసాద్ ముఖర్జీ తీవ్రముగా వ్యతిరేకించినారు. 1951 జూన్ 18న మొదటి సవరణ అమలులోనికి వచ్చినది. ప్రజాశాంతి, విదేశములతో మైత్రి, నేరమునకు ప్రేరేపణ అను మూడు కారణములు చేరినవి. దానితోపాటు ఒక చిన్న మాట కూడ చేరినది: ఆంక్షలు ‘సమంజసమైనవి’గా ఉండవలెను. ఈ ఒక్క విశేషణం వలన, ఆంక్ష సమంజసమా కాదా అని విచారించు అధికారం న్యాయస్థానానికి దక్కినది. 1963లో దేశ సార్వభౌమత్వం, సమగ్రత అను కారణం కూడ చేరినది.

నేడు మొత్తం ఎనిమిది కారణములపై వాక్స్వాతంత్ర్యమును పరిమితం చేయవచ్చును: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్యభద్రత, విదేశములతో మైత్రి, ప్రజాశాంతి, సభ్యత, నీతి, న్యాయస్థాన ధిక్కారం, పరువునష్టం, నేరమునకు ప్రేరేపణ. ఈ జాబితాలో ‘ప్రభుత్వమునకు అప్రియం’ అను కారణం లేదు. ‘అధికసంఖ్యాకులకు అప్రియం’ అను కారణమును లేదు. వాదనలో చట్టం పేరెత్తువారు ముందుగా ఈ ఎనిమిదింటిని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

పాఠకుడు కూడ ఈ హక్కులో భాగస్వామియే. పుటల సంఖ్యను బట్టి పత్రికల ధరను ప్రభుత్వమే నిర్ణయింపబోగా, 1961లో ‘సకాల్’ పత్రిక కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. ధర పెంచినచో పాఠకులు తగ్గుదురు; పుటలు తగ్గించినచో వార్తలు తగ్గును; రెండు విధముల భావప్రసారమే కుంటుపడును. కాగితపు కొరత పేరున పత్రికలకు పది పుటల పరిమితి విధింపగా, 1972లో బెన్నెట్ కోల్‌మన్ కేసులో దానిని కూడ కొట్టివేసినది. నోరు నొక్కుటకు సంకెళ్ళే అక్కరలేదు. కాగితం కొలత చాలునని ఈ కేసులు తెలుపుచున్నవి.

మూతపడిన నోళ్ళు

1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడినది. ఆ రాత్రియే ఢిల్లీలో పలు పత్రికాలయములకు విద్యుత్తు నిలిచిపోయినది. వార్తలు ముందుగా సెన్సారు అధికారికి చూపవలసి వచ్చినది. ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ నిరసనగా సంపాదకీయ స్థలాన్ని ఖాళీగా వదలినది. తరువాత ఖాళీ వదలుటను కూడ నిషేధించినారు. ఏలయన ఖాళీ స్థలం సైతం ఏదో చెప్పుచుండును! 1976లో నాలుగు వార్తాసంస్థలను కలిపి ‘సమాచార్’ అను ఒకే సంస్థగా చేసినారు. దేశమంతటికి ఒకే వార్త, ఒకే గొంతు.

1975 జూలై 4న ఇరువదియారు సంస్థలపై నిషేధం విధింపబడినది. ఆ జాబితాలో రాష్ట్రీయ స్వయంసేవక సంఘం ఉన్నది, జమాతె ఇస్లామీ ఉన్నది, నక్సలైటు వర్గములున్నవి. బయట ఒకరి ముఖం ఒకరు చూడనివారు ఒకే జైలు ఆవరణలో కలిసికొనిరి. ఒకరినొకరు నిషేధింపుమని అడుగుచు వచ్చినవారికి ప్రభుత్వం అందరి కోరికను ఒకేసారి తీర్చినది.

నిర్బంధితులు హైకోర్టులను ఆశ్రయింపగా కొన్ని హైకోర్టులు వారి మొర ఆలకించినవి. సుప్రీంకోర్టు మాత్రం 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో, అత్యవసర పరిస్థితిలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించుటకు పౌరునికి అవకాశం లేదని నలుగురు న్యాయమూర్తుల అభిప్రాయంతో తీర్పు చెప్పినది. న్యాయమూర్తి హెచ్. ఆర్. ఖన్నాగారొక్కరే విభేదించినారు. 1977లో ప్రధాన న్యాయమూర్తి పదవి వరుసలో ఆయనకు రావలసియుండగా ఆయనను దాటించినారు. ఆయన రాజీనామా చేసినారు. నలుబదియొక సంవత్సరముల పిమ్మట, 2017 ఆగస్టు 24న, తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నలుగురి తీర్పు తప్పని ప్రకటించినది. ఆ మాట వ్రాసినది, నాటి నలుగురిలో ఒకరైన వై. వి. చంద్రచూడ్‌గారి కుమారుడు, న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్. ఒంటరి గొంతు నేడు ఓడిపోవచ్చును. దానిని పదిలపరచినచో రేపు నిలబడును.

ద్వేషభాషణ మాటేమిటి?

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. అల్పసంఖ్యాక వర్గమునకు చెందిన విద్యార్థి ఇట్లడుగవచ్చును: “మా ప్రార్థనామందిరాన్ని, మా తల్లుల వేషభాషలను, మా దేశభక్తిని దినదినము అవమానించువాని వాక్స్వాతంత్ర్యమును కూడ నేను కాపాడవలెనా?” ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుట తగదు. వ్రాత వలన ఇండ్లు కాలిన సందర్భములు మన దేశంలో లేకపోలేదు.

చట్టం ఇచ్చట నిస్సహాయం కాదు. మతం, జాతి, భాష పేరున వర్గముల మధ్య వైరం పెంచుట భారతీయ శిక్షాస్మృతిలో నేరముగా ఉండెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో కూడ నేరమే. అది అట్లే ఉండదగినది. కాని గీత ఎచ్చట గీయవలెనన్నది ముఖ్యం. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఆ గీతను స్పష్టపరచినది. మాటకు మూడు మెట్లున్నవి. ఒక విషయాన్ని చర్చించుట మొదటిది. ఒక పక్షాన్ని సమర్థించుట రెండవది. నేరమునకు ప్రేరేపించుట మూడవది. మొదటి రెండు మెట్లు, ఎంత అప్రియమైనను, రక్షణకు పాత్రములు. మూడవ మెట్టు ఎక్కినప్పుడే ఆంక్షకు తావు.

ఆ కేసులో కొట్టివేయబడినది సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఎ నిబంధన. కంప్యూటరు ద్వారా ‘చికాకు’, ‘అసౌకర్యం’ కలిగించు సందేశములు పంపుట దాని ప్రకారం నేరం. చికాకు ఎవరికి? అసౌకర్యం ఎంత? కొలతలేని మాటలవి. 2012లో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో, ఒక నాయకుని మరణానంతరం నగరం మూతపడుటను ప్రశ్నించిన ఒక యువతిని, ఆ మాట బాగున్నదని తెలిపిన మరొక యువతిని పోలీసులు నిర్బంధించినారు. అస్పష్టమైన చట్టం ఎవరి చేతిలోని ఆయుధమగునో దీనివలన తెలియును. సంఖ్యాబలం, అధికారబలం ఉన్నవాని ‘చికాకు’ పోలీసుస్టేషనులో వెంటనే చెల్లును. బలహీనుని ‘చికాకు’ గుమాస్తా బల్లపై పడియుండును. కావున అల్పసంఖ్యాకులు కోరవలసినది ‘నొప్పించు మాటలపై’ విశాలమైన చట్టం కాదు. ప్రేరేపణపై స్పష్టమైన చట్టం, దానిని పక్షపాతం లేకుండ అమలుపరచు ప్రభుత్వం కావలెను.

వాదం, జల్పం, వితండం

చట్టం నోరు తెరచుటకు హక్కునిచ్చును. ఎట్లు తెరవవలెనో నేర్పదు. అది విద్య వలన రావలసినది. ఈ విద్యలో మన ఉభయ సంప్రదాయములును సంపన్నములే. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు విధములుగా విభజించినవి. సత్యాన్ని తెలిసికొనుటకు చేయునది వాదం. గెలుపు కొరకు చేయునది జల్పం. తనదంటూ ఒక పక్షమును నిలుపక ఎదుటివానిని పడగొట్టుటకు మాత్రమే చేయునది వితండం. ‘వితండవాదం’ అని మనం దినదినము వాడు మాటకు మూలమిదియే. ఎదుటివాని వాదమును మొదట ‘పూర్వపక్షము’గా నిజాయితీతో పేర్కొని, పిదప ఖండించుట మన శాస్త్రకారుల ఆచారం.

అరబీ విద్యాసంప్రదాయంలో ‘మునాజరా’ అను చర్చాశాస్త్రమే కలదు. మన దేశపు మదరసాలలో ప్రసిద్ధమైన దర్సె నిజామీ పాఠ్యక్రమంలో దానికి స్థానముండెను. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అను నాలుగు మార్గములు ఒకదానినొకటి ఖండించుకొనుచునే, ఒకదాని ప్రామాణ్యతను మరొకటి అంగీకరించినవి. విభేదించుట విరోధించుట కాదని ఆ పెద్దలెరుగుదురు.

ఈ రెండు సంప్రదాయముల నుండి నేటి వాదప్రియులు కొన్ని నియమములను గ్రహింపవచ్చును. ఎదుటివాని మాటను అతడే ఒప్పుకొను రీతిలో ముందు తిరిగి చెప్పవలెను. వార్తను వ్యాఖ్య నుండి వేరుచేసి చూడవలెను: “ఇది జరిగినది” అనుట వేరు, “ఇది దారుణం” అనుట వేరు. ఒకే పత్రిక చదువుటతో తృప్తిపడక, ప్రతిపక్ష పత్రికను కూడ చదువవలెను. వాదమును ఖండింపవలెను గాని వాది పుట్టుకను, మతమును, ఇంటిపేరును ఎత్తరాదు. మన పక్షమువారు అధికారంలో ఉన్నప్పుడు ఒక చట్టం న్యాయమని తోచినచో, అదే చట్టం ప్రతిపక్షుని చేతిలో ఉన్నట్లు ఒక్క నిమిషం ఊహించుకొనవలెను. ఈ చివరి నియమమొక్కటి పాటించినను మన వాదములలో సగం తొందరపాటు తగ్గును.

విద్యార్థి మిత్రులారా! హరిసర్వోత్తమరావుగారు, హస్రత్ మొహానీ సాహెబు, షోయబుల్లాఖాన్ – ఈ మువ్వురి అభిప్రాయములును ఒకటి కావు. వారు ఒకే గదిలో కూర్చున్నచో గట్టిగా వాదించుకొని యుండెడివారు. కాని ఎదుటివాడు మాటలాడుటకు వీలులేదని వారిలో ఎవరును అనరని మనం ఆశింపవచ్చును. ఏలయన నోరు నొక్కబడుట ఎట్టిదో వారికి స్వానుభవం. ఈసారి మీ మిత్రమండలిలో చర్చ ముదిరి, “వీనిని మాటలాడనీయరాదు” అను మాట నాలుక చివరకు వచ్చినప్పుడు, నరకబడిన ఆ చేతిని ఒకసారి తలచుకొనుడు. ఆ మాటను మ్రింగి, మరొక మంచి సమాధానమును వెదకికొనుడు.